కోర్సు పేరు చూసి లోన్ తీసుకోకండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. అమ్మాయి ప్లస్ టూ సైన్స్ అయింది. వాళ్ల నాన్నమ్మకు ఆయాసం. ఊపిరిని కనిపెట్టే పట్టీలు తయారుచేసే చదువే చదువుతానంటోంది. ఒక కాలేజీవాళ్లు వేరబుల్ హెల్త్ టెక్నాలజీ అని కొత్త బీటెక్ ఉందంటున్నారు. అదా, బయోమెడికలా, ఈసీఈనా? ఆక్సీమీటర్ 96 చూపిస్తున్నా, రాత్రిళ్లు నాన్నమ్మ ఛాతీ మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కపెడుతూ టైం వేస్ట్ చేస్తోంది. లోన్ తీసుకున్నాక ఉద్యోగం రాకపోతే ఎలాగని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ‘టైం వేస్ట్’ అన్న మాట వెనక్కి తీసుకోండి. ఆక్సీమీటర్ చెప్పేది రక్తంలో ఆక్సిజన్ శాతం. ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నారో మామూలు ఆక్సీమీటర్ చెప్పదు. కదలకుండా ఉన్న పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 సార్లు మామూలు. మీటరులో 96 ఉన్నా మనిషి నిమిషానికి 20 సార్ల కంటే వేగంగా రొప్పుతూ ఉండవచ్చు. ఎవరూ చెప్పకుండానే మీ అమ్మాయి దాన్ని కనిపెట్టింది. మీరేమో కసురుకుంటున్నారు!

ఇక కొత్త కోర్సు. నాకు నమ్మకం లేదు. ఛాతీకి ఒకటి, పొట్టకు ఒకటి కట్టే పట్టీలు ఊపిరి తీసినప్పుడల్లా సాగుతాయి. ఆ సాగుడే కరెంటు సిగ్నల్‌గా మారుతుంది. ఇంతవరకూ తేలికే. కానీ ముసలావిడ దగ్గినా, పక్కకు ఒత్తిగిలినా, మనవరాలితో మాట్లాడినా పట్టీ కదులుతుంది. ఆ కదలికల్లోంచి ఊపిరిని విడదీయడమే కష్టమైన పని. దానికి సర్క్యూట్లు, సిగ్నల్ ప్రాసెసింగ్, లెక్కలు, కోడింగ్ గట్టిగా రావాలి. అవన్నీ ఈసీఈలో ఉన్నవే. ఇలాంటి కోర్సు పెట్టిన ఒక కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూపించమంటే, నా చేతిలో బ్రోషర్ పెట్టారు. అప్పటినుంచి ఎవరినీ పంపడం లేదు.

రూర్కెలా ఎన్ఐటీలోనో, హైదరాబాద్ ఐఐటీలోనో బయోమెడికల్ సీటు వస్తే ఆలోచించకుండా చేర్చండి. రాకపోతే మంచి ల్యాబులున్న కాలేజీలో ఈసీఈ. గేట్ రాసి ఎంటెక్‌లో బయోమెడికల్‌కు మారవచ్చు. మనసు మారినా ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ రెండు దారులూ ఉంటాయి. కాబట్టి లోన్ గురించి అంత బెంగ వద్దు. పైగా మీ ఊరి పిల్ల రోగితో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడగలదు. పరికరాన్ని మనుషుల మీద పరీక్షించే రోజున అది చాలా పనికొస్తుంది.

ఇవాళే ఆమెకో నోటుబుక్ కొనివ్వండి. తేదీ, టైము, నిమిషానికి ఎన్ని ఊపిరులు, అప్పుడు నాన్నమ్మ పడుకుని ఉన్నారా కూర్చున్నారా, అన్నీ రాయమనండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్నీ, అమ్మాయినీ వెంట తీసుకెళ్లండి.