పది రోజులకే ఆగిపోయే వ్యాయామం: నేనైతే రాత్రి భోజనంతో మొదలుపెట్టాను

మీరు అడిగింది ఇది: బెంగళూరులో ఉద్యోగం, ట్రాఫిక్‌తోనే రోజు అయిపోతోంది, వ్యాయామం ఎన్నిసార్లు మొదలుపెట్టినా పది రోజులకే ఆగిపోతోంది, తిండి అదుపులో ఉండట్లేదు, ఏం చేయాలి?

నాదీ చాలాకాలం ఇదే కథ. నాకు పనికొచ్చింది చెప్తాను. పొద్దున ఒక గంట ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం మానేయండి. రాత్రి భోజనం ముందుకు జరపండి, తిన్నాక పదిహేను నిమిషాలు నడవండి. మొదటి రెండు నెలలు ఇంకేమీ మార్చకండి. నా విషయంలో మిగతావన్నీ దాని వెనకాలే వచ్చాయి.

మాది మదనపల్లె వైపు. పన్నెండేళ్ళుగా ఇక్కడే, మహదేవపుర దగ్గర మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. నేను, మా ఆవిడ, పాప, అమ్మ. 2022లో ఆఫీసు వాళ్ళు ఏటా చేయించే పరీక్షల్లో నా హెచ్‌బీఏ1సీ (గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటు ఎంతుందో చెప్పే పరీక్ష) 6.1 వచ్చింది. 5.7 కంటే తక్కువుంటే మామూలు, 5.7 నుంచి 6.4 దాకా షుగర్‌కి ముందు దశ, 6.5 నుంచి షుగరే. షుగర్ ముదిరి మా నాన్నకి కాలి వేలు తీసేశారు. ఆ కట్టు మార్చింది నేనే. అందుకే ఆ కాగితం చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆ భయంలో వెళ్ళి జిమ్‌కి ఏడాది డబ్బు కట్టేశాను. ఐదు వారాలు నడిచింది. తర్వాత ఆదివారాలు లాల్‌బాగ్. 240 ఎకరాల తోట, ఆ పెద్ద చెట్ల కింద నడుస్తుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ మా ఇంటి నుంచి గంట ప్రయాణం. మూడు ఆదివారాలు వెళ్ళాను, నాలుగో ఆదివారం ఎవరిదో గృహప్రవేశం వచ్చింది, అంతే.

అప్పట్లో నా రాత్రిళ్ళు ఎలా ఉండేవంటే, 8 గంటలకి ఇల్లు చేరడం, టీ, గుప్పెడు గుప్పెడుగా మిక్చర్, 9కి అమెరికా వాళ్ళతో కాల్, పదిన్నరకి అన్నం, 11 దాటగానే పడక. ఇప్పుడు 8కి రాగానే కాళ్ళూ చేతులూ కడుక్కుని నేరుగా పళ్ళెం ముందు కూర్చుంటాను. ఎనిమిదిన్నరకి చెప్పులేసుకుని కిందికి దిగుతాను. మా వీధిలో కన్నడ వాళ్ళు ఎదురుపడితే మొదటి మాట "ఊట ఆయ్తా?" (భోజనం అయిందా?) అనే కదా. ఇన్నేళ్ళూ "ఇన్నూ ఇల్ల" (ఇంకా లేదు) అంటూ వచ్చిన నేను, 2022 డిసెంబరులో మొదటిసారి "ఆయ్తు" (అయింది) అన్నాను. చిన్న విషయమే, నాకు మాత్రం చాలా బలాన్నిచ్చింది.

తిన్నాకే నడక ఎందుకంటే, అన్నం తిన్న గంట, గంటన్నరలోపు రక్తంలో చక్కెర బాగా పైకి లేస్తుంది. ఆ సమయంలో పిక్కలు, తొడలు కదులుతుంటే ఆ కండరాలు చక్కెరని లాక్కుని వాడేసుకుంటాయి. తినగానే కూర్చుంటే, పడుకుంటే ఆ పని జరగదు. పరుగెత్తక్కర్లేదు, మాట్లాడుకుంటూ నడిచే వేగం చాలు.

ఇక అది ఒకదాన్నొకటి ఎలా లాక్కొచ్చిందో చూడండి. 8కే అన్నం కాబట్టి మిక్చర్‌కి చోటు లేకుండా పోయింది. రాత్రి త్వరగా తినడంతో పొద్దున 7కే ఆకలి వేయడం మొదలైంది. అంతకుముందు టిఫిన్ ఎగ్గొట్టి, 11 గంటలకి ఆఫీసు కింద కాఫీతో రెండు వడలు తినేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లోనే రెండు పెసరట్లో, ఒక దోసె, రెండు గుడ్లో తిని బయల్దేరతాను. వడలు మానేయాలని నేనెప్పుడూ ఒట్టు పెట్టుకోలేదు.

అన్నం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మన తెలుగు ఇళ్ళలో అసలు చిక్కు అక్కడే. ఒకరోజు వంటింటి త్రాసు మీద నా పళ్ళెంలో అన్నం తూచాను. 420 గ్రాములు, అంటే దాదాపు 150 గ్రాముల బియ్యం. అది ఒక పూటకే! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకి 2000 కేలరీలు తినేవాళ్ళకి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములే. అవే సూచనల్లో కూరగాయలు మాత్రం 400 గ్రాములు. మా ఇంట్లో ఈ లెక్క సరిగ్గా తలకిందులుగా ఉండేది.

తగ్గించాలంటే ఎక్కడ తగ్గించాలి? పెరుగన్నం లేకపోతే నాకు తిన్నట్టే ఉండదు, అది వదలను. ఆలోచిస్తే తెలిసింది, ముందు పొడీ నెయ్యితో నాలుగు ముద్దలు, తర్వాత పచ్చడితో నాలుగు ముద్దలు, ఇవి పూర్తిగా అన్నమే. వాటిని తీసేశాను. ముందు ఒక గిన్నె కూర ఉత్తదే తింటాను, తర్వాత పప్పు గట్టిగా వేసుకుని కాస్త అన్నం, చివర్లో పెరుగన్నం. 200 గ్రాముల దగ్గర ఆగుతున్నాను. అమ్మకి మాత్రం మొదట్లో అస్సలు మింగుడుపడలేదు. "ఏందిరా, ఈ రోంత అన్నంతో నిద్రెట్లా పడతాది?" అని గరిటె పట్టుకుని పక్కనే నిలబడేది. కూర రెండోసారి అడిగి పెట్టించుకోవడం మొదలుపెట్టాక నెమ్మదించింది. మధ్యాహ్నం ఆంధ్రా మెస్సులో తిన్నా ఇదే వరస, మారు అన్నం మాత్రం వద్దంటాను.

నూనెకి త్రాసు కూడా అక్కర్లేదు. ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద మార్కర్‌తో తేదీ రాయండి. అవే సూచనల ప్రకారం మనిషికి రోజుకి 27 గ్రాములంటే మా నలుగురికీ నెలకి సుమారు మూడున్నర లీటర్లు. మా ఇంట్లో ఐదు లీటర్లు అయిపోయేది, బయట తిన్నది కాకుండానే. తేదీ కళ్ళ ముందు ఉండేసరికి మా ఆవిడ తనంతట తనే సీసాలోంచి వంచడం మాని చెంచాతో వేయడం మొదలుపెట్టింది.

రాగుల గురించి ఒక మాట. ఇక్కడ ముద్దె, మా ఊళ్ళో సంగటి, రెండూ ఇష్టమే. రాగుల్లో కాల్షియం, పీచు బియ్యం కంటే బాగా ఎక్కువ. కానీ రాగిలోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. బెల్లం వేసిన రాగి జావ రెండు గ్లాసులు తాగి షుగర్ తగ్గుతుందనుకోవడం పొరపాటు. ఒక ముద్ద, దాంతో చలికాలంలో అనపగింజల పితికిపప్పు కూర, అది భోజనం!

నడక పదిహేను నిమిషాల నుంచి అరగంట అవడానికి ఐదు నెలలు పట్టింది. పెద్దలకి వారానికి కనీసం 150 నిమిషాలు, రెండు రోజులు కండరాలకి పని, అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రెండోదానికి నేను చేసేది సులువే: కుర్చీ మీద చేతులు ఆనించకుండా పదిహేనుసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి దండీలు, మూడంతస్తులు మెట్లెక్కడం.

ఏడాదికి నా హెచ్‌బీఏ1సీ 5.7కి వచ్చింది, నడుము రెండంగుళాలు తగ్గింది. గీత మీదే ఉన్నాను, అందుకే ఆపలేదు. మీరు ఇప్పటికే షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతుంటే మాత్రం అన్నం తగ్గించే ముందు డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడండి, మందు మోతాదు మార్చకపోతే చక్కెర మరీ పడిపోవచ్చు.

ఆగిపోవడం గురించి అడిగారు కదా. నాకూ ఆగింది. అక్టోబరు వానలకి వారం రోజులు, పాపకి జ్వరమొచ్చి పన్నెండు రోజులు. మొదటిసారి "సోమవారం నుంచి మళ్ళీ" అనుకుంటే ఆ సోమవారం రావడానికి మూడు వారాలు పట్టింది. రెండోసారి అలా వదల్లేదు. పాపకి మందు వేసి పడుకోబెట్టాక, నైటీ మీద చున్నీ కప్పుకుని మా ఆవిడ, లుంగీలో నేను, ఇంటి ముందు వరండాలోనే ఐదు నిమిషాలు అటూ ఇటూ తిరిగాం. మర్నాడూ అంతే. పదమూడో రోజు వీధిలోకి దిగడానికి మళ్ళీ మొదలుపెట్టాల్సిన అవసరమే రాలేదు.