టెంపరేచర్ బాగుంది కదా అని వోల్టేజ్ పెంచకు

తమ్ముడూ,

ప్రాసెసర్‌ని 1.45 వోల్టుల దగ్గర ఫిక్స్ చేసి నడుపుతున్నానని, టెంపరేచర్ 75 డిగ్రీలు దాటడం లేదు కాబట్టి టెన్షన్ లేదని రాశావు. నాకు మాత్రం చదవగానే టెన్షన్ మొదలైంది. మంచి కూలర్ వేడిని లాగేస్తుంది, నిజమే, కానీ ట్రాన్సిస్టర్ గేటు కింద ఉండే ఇన్సులేషన్ పొర మందం నానోమీటర్లలో ఉంటుంది, చిప్ చల్లగా ఉన్నా దాని మీద వోల్టేజ్ ఒత్తిడి పడుతూనే ఉంటుంది. కరెంట్ పెరిగేకొద్దీ లోపలి సన్నటి తీగల్లో లోహపు అణువులే మెల్లగా జరిగిపోతాయి, ఎలక్ట్రోమైగ్రేషన్ అంటే అదే. వేడి తోడైతే రెండూ ఇంకా త్వరగా జరుగుతాయి. ఒకసారి అరిగిన చిప్ మళ్ళీ మునుపటిలా అవ్వదు.

2024లో ఇంటెల్ 13, 14వ తరం చిప్‌ల గొడవ చూశావుగా. ఓవర్‌క్లాకింగ్ (చిప్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కన్నా ఎక్కువలో నడపడం) జోలికే పోనివాళ్ళ మెషీన్లు కూడా గేముల మధ్యలో క్రాష్ అయ్యాయి. చిప్ అవసరానికి మించిన వోల్టేజ్ అడగడమే కారణమని తేలాక, 1.55 వోల్టులు దాటకుండా మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్‌తో కట్టడి చేశారు, వారంటీ రెండేళ్ళు పొడిగించారు, కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌లని ఆ అప్‌డేట్ బాగుచేయలేదు. అంతకుముందు ఏడాది ఏఎమ్‌డీ 7000ఎక్స్3డీ చిప్‌లు కొన్ని ఏకంగా సాకెట్‌లోనే కాలిపోయాయి, ఆ తర్వాత ఎస్ఓసీ వోల్టేజ్‌కి (చిప్‌లో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకి వెళ్ళేది) 1.3 హద్దు పెట్టారు. ర్యామ్ కోసం ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే రెడీమేడ్ సెట్టింగ్) ఆన్ చేస్తే కొన్ని బోర్డులు ఆ వోల్టేజ్‌ని వాటంతటవే పెంచేసేవి, అందుకే ఆటో సెట్టింగ్‌ని గుడ్డిగా నమ్మకు, బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగుల ప్రోగ్రామ్) అప్‌డేట్ చెయ్యి.

పోనీ ఇంత రిస్క్‌కి లాభమేంటో లెక్క వెయ్యి. అదే స్పీడులో 1.25 నుంచి 1.40కి పెంచితే వోల్టేజ్ పెరిగేది 12 శాతం, పవర్ మాత్రం దాదాపు 25 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దానికి బదులు చేతికొచ్చే అదనపు స్పీడు మహా అయితే వంద, రెండొందల మెగాహెర్ట్జ్. ఆడేటప్పుడు నీకు తేడా కూడా తెలియదు.

ప్రాసెసర్‌లో ఒక్క కోరు తనంతట తాను స్పీడు పెంచుకునేటప్పుడు (బూస్ట్) క్షణకాలం 1.4 పైన కనబడితే కంగారుపడకు, ఏఎమ్‌డీ రైజెన్ చిప్‌లలో అది మామూలే. అన్ని కోర్లూ ఫుల్ లోడ్‌లో ఉన్నప్పుడు అదే అంకె గంటల తరబడి నిలబడితేనే ప్రమాదం, నువ్వు ఫిక్స్‌డ్ పెట్టి చేస్తున్నది అదే. దాన్ని తీసేసి ఆఫ్‌సెట్ మోడ్‌కి (చిప్ అడిగే వోల్టేజ్‌కి కొంచెం కలపడమో తీసేయడమో చేసేది) మార్చు, కుదిరితే కొంచెం మైనస్‌లోనే పెట్టి చూడు. లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ (లోడ్ పడ్డప్పుడు వోల్టేజ్ తగ్గిపోకుండా నిలబెట్టే సెట్టింగ్) బాగా గట్టిగా పెట్టి ఉంటే తగ్గించు, లేకపోతే లోడ్ ఒక్కసారిగా పడిపోయినప్పుడు వోల్టేజ్ పైకి ఎగిరిపడుతుంది, అది నీ సాఫ్ట్‌వేర్‌లో కనబడను కూడా కనబడదు.

ఇంకో మాట. నిన్నటిదాకా స్టేబుల్‌గా ఉన్న సెట్టింగ్ కారణం లేకుండా క్రాష్ అవడం మొదలైతే, ఇంకాస్త వోల్టేజ్ ఇద్దామనే అనిపిస్తుంది. ఇవ్వకు. అలా ఇస్తే ఆ వేళకి ఆగుతుంది, చిప్ మాత్రం ఇంకా త్వరగా అరుగుతుంది. స్పీడు తగ్గించు, బయోస్‌ని డిఫాల్ట్‌కి తెచ్చి పరీక్షించు, డిఫాల్ట్‌లో కూడా క్రాష్ అవుతుంటే వారంటీ గడువు అయిపోకముందే క్లెయిమ్ చెయ్యి.

మీ అన్నయ్య