అభిసారం అంటే దొంగచాటు కలయికేనా?

అభిసారం అంటే ప్రేమికులు రహస్యంగా కలుసుకోవడమేనా, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగారు. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఈ మాటతో నాకు చాలా దగ్గరి అనుబంధం ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాట సంస్కృతం. 'సృ' అనే ధాతువుకు కదలడం, సాగడం అని అర్థం. 'అభి' అంటే వైపు. ఒకరి వైపు సాగి వెళ్ళడమే అభిసారం. అనుసరించడం, ప్రసారం, సరణి, ఆఖరికి సంసారం కూడా ఆ ధాతువు నుంచి వచ్చినవే. రహస్యం అన్న అర్థం ఇందులో ఎక్కడా లేదు. శత్రువు మీదికి వెళ్ళడాన్ని కూడా సంస్కృతంలో అభిసారం అన్నారు. ప్రేమ విషయంలో మొదట ఆ వెళ్ళడానికి, తర్వాత ఆ కలయికకు కూడా అదే పేరైంది.

కలుసుకునే చోటుకు వేరే మాట ఉంది, సంకేతం. ఇప్పుడు మనం దాన్ని గుర్తు, సైగ అనే అర్థంలోనే వాడుతున్నాం. కావ్యాల్లో ఇద్దరూ ముందే అనుకున్న చోటు కూడా సంకేతమే. ప్రియుణ్ణి కోరి సంకేతానికి వెళ్ళేది అభిసారిక అని సంస్కృత నిఘంటువు అమరకోశం చెబుతుంది. ప్రేమలో ఉన్న స్త్రీని ఒక్కో స్థితిని బట్టి ఎనిమిది రకాలుగా చెప్పే అష్టవిధ నాయికల్లో వాసకసజ్జిక ఇల్లు సర్దుకుని, ముస్తాబై ఎదురుచూస్తుంది. విప్రలబ్ధ సంకేతానికి వెళ్తే అతను రాడు. అభిసారిక మనకు దారి మీద కనిపిస్తుంది. వెన్నెల రాత్రి తెల్లచీర కట్టి వెన్నెల్లో కలిసిపోతే శుక్లాభిసారిక, చీకటి రాత్రి నల్లచీర కడితే కృష్ణాభిసారిక.

మా వైపు ఈ మాట ఇంకా బతికి ఉండడానికి పెద్ద కారణం జయదేవుడి గీతగోవిందం. 12వ శతాబ్దపు కావ్యం, పూరీ జగన్నాథుడి గుడిలో పాడేది. అందులో అయిదో సర్గలో ఒక అష్టపది 'రతిసుఖసారే గతమభిసారే' అని మొదలవుతుంది. అభిసారానికి ముందే వెళ్ళి కూర్చున్నది అక్కడ కృష్ణుడు. ఆలస్యం చేయకు, వెళ్ళు అని చెలికత్తె రాధను తొందరపెడుతుంది. ఆ 'వెళ్ళు'కు జయదేవుడు వాడిన మాట 'అనుసర'. అదే ధాతువు! కృష్ణుడు పేరు పెట్టి పిలుస్తూ వేణువుతో సంకేతం చేస్తున్నాడని కూడా ఆ పాటలోనే ఉంది. మా ఊరి కవి గోపాలకృష్ణ పట్నాయక్ ఒడియాలో రాసిన రాధాకృష్ణుల పాటలు వింటూ పెరిగినవాళ్ళకు ఈ మాటలేవీ కొత్త కాదు.

తెలుగులో మన సొంత మాట కావాలంటే 'చాటు' ఉంది. చాటుగా, చాటుమాటుగా కలుసుకోవడం అంటాం. కానీ అందులో దాక్కోవడమే ఉంది, నడక లేదు. అందుకే నాకు అభిసారమే ఇష్టం.

చిన్నప్పుడు ఒడిస్సీ నేర్చుకున్నాను. అభిసారికను చూపించడానికి మా గురుమా కాలు మోకాలి ఎత్తుకు లేపి, రెండు వేళ్ళతో అందెను పిక్క మీదికి జరిపి, జారకుండా బిగించినట్టు అభినయించేవారు. తర్వాత నాలుగడుగులు. కాళ్ళకు నిజం గజ్జెలు ఉంటాయి, అవి మోగకూడదు. మడమ ఆనకుండా, మునివేళ్ళ మీదే బరువు ఆపాలి. నాకు అది కుదరడానికి నెలలు పట్టింది.

ఇరవై రెండేళ్ళప్పుడు అది పనికొచ్చింది. అబ్బాయి ఒడియా, ఇప్పుడు మా ఆయన. అప్పట్లో మా ఇంట్లో ఆ పేరెత్తితే గొడవే. మా సంకేతం మహేంద్రతనయ నది ఒడ్డున మూతపడ్డ రైసుమిల్లు గోడ. మా సందంతా కంకర, చెప్పులు టపటపమనేవి. ప్రతి గుమ్మంలో ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. సందు మొదట్లోనే చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేదాన్ని. కాళ్ళకు గుచ్చుకునే రాళ్ళు, ఆ టెన్షన్, రేడియో మోగుతున్న ఇంటి ముందు మాత్రం గబగబా నడవడం, అన్నీ ఇప్పటికీ గుర్తే. అక్కడ కూర్చుని ఏం మాట్లాడుకున్నామో సగం గుర్తు లేదు.

ఒకరోజు తిరిగొస్తుంటే మామ్మ చూసేసింది. "ఏటే, సెప్పులు సేత్తో అట్టుకొస్తన్నావు, తెగిపోనాయా?" అంది. అవునన్నాను. మర్నాడు పొద్దున్నే ఆ చెప్పులు తీసి, తిరగేసి చూసింది. ఏమీ అనకుండా మళ్ళీ గుమ్మం పక్కన జతగా పెట్టేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.