పాత ఫ్లాపీల పెట్టె: ఉంచుకోవచ్చా, అమ్ముకోవచ్చా?

ప్రశ్న: పదిహేనేళ్లుగా పాత కంప్యూటర్ గేమ్స్ సేకరిస్తున్నాను. అన్నీ 1980లు, 90లలో వచ్చినవే. పెట్టె, మాన్యువల్‌తో సహా ఒరిజినల్స్ ఓ అరవై ఉంటాయి. ఇవి కాక మూడొందల ఫ్లాపీలు ఉన్నాయి. కొన్ని కుర్రతనంలో స్నేహితుల దగ్గర కాపీ చేసుకున్నవి, కొన్ని ఎవరెవరి దగ్గరో లాట్‌గా కొన్నవి. వాటి మీద పెన్సిల్‌తో ఆట పేరు రాసి ఉంటుంది, అంతే. ఇవి ఇంట్లో ఉండటం నేరమా? ఒరిజినల్ ఫ్లాపీ చదవకపోతే దాని ఇమేజ్ (ఫ్లాపీలో ఉన్నదంతా ఒకే ఫైల్‌గా తీసిన నకలు) నెట్ నుంచి దించుకోవచ్చా? తయారు చేసిన కంపెనీలు చాలావరకు మూతపడ్డాయి కాబట్టి అడిగేవాళ్లే ఉండరని మిత్రులు అంటున్నారు. సేకరణలో కొంత అమ్మేయాలని కూడా ఉంది. ఏమైనా ఇబ్బంది వస్తుందా?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే చివరి మాట దగ్గర నా పెన్ను ఆగింది. కొంత అమ్మేయాలని ఉంది అన్నారు. మిగతా ప్రశ్నలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. ఫ్లాపీ ఎంత పాతది, కంపెనీ ఉందా పోయిందా అన్నది చట్టం పెద్దగా పట్టించుకోదు. ఇవాళ మీరు దానితో ఏం చేస్తున్నారో చూస్తుంది. బీరువాలో ఉంచితే ఒక జవాబు, కాపీ తీస్తే ఒక జవాబు, డబ్బు తీసుకుని ఇంకొకరికి ఇస్తే వేరే జవాబు.

ఏ దేశంలో ఉంటున్నారో రాయలేదు. ఫర్వాలేదు. రచయితల హక్కుల మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం, 1995లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ ఒప్పందం పుణ్యమా అని కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనతో సమానంగా కాపాడాలన్న నియమం దాదాపు ప్రపంచమంతా ఉంది. తేడా ఉన్నచోట అమెరికా, యూరప్, ఇండియా సంగతి విడిగా చెబుతాను.

ముందు మూతపడ్డ కంపెనీల సంగతి తేల్చేద్దాం. సేకరణకారులు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. తాళం వేసి ఉన్న ఇల్లు ఊరందరిదీ అయిపోదు కదా. కాపీరైట్ కూడా ఆస్తే. కంపెనీ దివాలా తీస్తే అది అప్పులవాళ్లకో, కొనుక్కున్నవాళ్లకో పోతుంది. జోర్క్ లాంటి టెక్స్ట్ గేమ్స్ తెచ్చిన ఇన్ఫోకామ్‌నే తీసుకోండి. 1986లో యాక్టివిజన్ దాన్ని కొంది, 1989లో మూసేసింది. ఆ యాక్టివిజన్‌ను 2023లో మైక్రోసాఫ్ట్ కొంది. ఎప్పుడో పోయిందనుకున్న చిన్న కంపెనీ ఆస్తి చేతులు మారుతూ మారుతూ ఎక్కడి దాకా వెళ్లిందో చూడండి. అమీగా అనే ఇంటి కంప్యూటర్లు తయారుచేసిన కమొడోర్ 1994లో దివాలా తీసింది. అయినా అమీగా ఎమ్యులేటర్‌కు (ఇప్పటి కంప్యూటర్ మీద పాత యంత్రంలా నటించే ప్రోగ్రామ్) కావాల్సిన కిక్‌స్టార్ట్ రోమ్‌ను, అంటే ఆ యంత్రాన్ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్‌ను, ఇప్పటికీ లైసెన్సుతో అమ్ముతున్నారు. అడిగేవాళ్లు లేరన్నది చాలాసార్లు నిజమే కావచ్చు. అడిగే హక్కు ఉన్నవాళ్లు లేరన్నది మాత్రం నిజం కాదు.

గడువు తీరిపోయి ఉంటుందేమో అని కూడా ఆశపడకండి. అమెరికాలో కంపెనీ పేరు మీద వచ్చిన రచనకు ప్రచురించిన నాటి నుంచి 95 ఏళ్లు రక్షణ. 1985లో వచ్చిన ఆట 2080 చివరి దాకా ఎవరో ఒకరి సొత్తు. అప్పటికి ఆ ఫ్లాపీ మీద అయస్కాంతపు పూత కూడా మిగలదు, హక్కు మాత్రం మిగులుతుంది! మీ మిత్రులు చెప్పే ఇలాంటి ఆటలకు సేకరణకారులు వాడే 'అబాండన్‌వేర్', అంటే వదిలేసిన సాఫ్ట్‌వేర్, అనే మాట ఏ చట్టంలోనూ లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ 2015లో వేల కొద్దీ డాస్ గేమ్స్‌ను బ్రౌజర్‌లోనే ఆడుకునేలా పెట్టింది. అక్కడ కనిపించినంత మాత్రాన అది మీ చేతికి లైసెన్సు ఇచ్చినట్టు కాదు.

ఈ చట్టం మీద నాకూ కొంచెం చిరాకు ఉంది, దాచుకోను. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అమ్మరు, ఇతరుల్ని పంచనివ్వరు. కానీ చట్టం మారేదాకా నేను చెప్పాల్సింది ఉన్న చట్టం గురించే.

ఇక ఆ మూడొందల ఫ్లాపీలు. మీరు కుర్రవాడిగా ఉన్న రోజుల్లో ఈ చట్టాలే కొత్తవి. తన కంపెనీ ఆల్టెయిర్ కంప్యూటర్‌కు రాసిన బేసిక్ ప్రోగ్రామ్‌ను అందరూ కాపీ కొట్టుకుంటున్నారని బిల్ గేట్స్ హాబీయిస్టులకు బహిరంగ లేఖ రాసింది 1976లో. అమెరికా తన కాపీరైట్ చట్టంలో ప్రోగ్రామ్‌ల గురించి స్పష్టంగా రాసుకున్నది 1980లో. ఇండియా 1984లో చేర్చింది, యూరప్ 1991లో ఉమ్మడి నియమం తెచ్చింది, పోలండ్‌లో 1994 కాపీరైట్ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అప్పట్లో కాపీ చేసుకోవడం తప్పని చాలామందికి తెలియదు. నేనూ తక్కువేం కాదు. లా చదివే రోజుల్లో కాపీరైట్ పరీక్షకు ముందురోజు రాత్రి కాపీ కొట్టిన ఆట ఆడుకుంటూ కూర్చున్నవాణ్ణే.

ముప్పై ఏళ్ల కిందటి ఆ కాపీ పని మీద ఇప్పుడు కేసు వేయడం దాదాపు అసాధ్యం. అమెరికాలో సివిల్ దావాకు మూడేళ్లు, ఇండియాలోనూ మూడేళ్లే లిమిటేషన్, అంటే దావా వేసే గడువు. ఫ్లాపీ బీరువాలో పడి ఉండటం మామూలుగా ఎక్కడా నేరం కాదు. డ్రైవ్‌లో పెట్టి నడిపితే మాత్రం కొంచెం తేడా వస్తుంది. ఇండియా చట్టంలో 63బి అని ఒక సెక్షన్ ఉంది. పైరసీ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. కంగారు పడకండి, కిందే ఇంకో వాక్యం ఉంది. లాభం కోసం గానీ వ్యాపారంలో గానీ వాడలేదని తేలితే కోర్టు జైలు వేయకుండా, యాభై వేలకు మించని జరిమానాతో సరిపెట్టవచ్చు. ఆదివారం పూట పాత ఆట ఆడుకునేవాడి ఇంటికి పోలీసులు రావడం నా ప్రాక్టీసులో నేనైతే చూడలేదు.

ఇంకో మాట. ఆ మూడొందలూ పైరసీ కాకపోవచ్చు. డూమ్ మొదటి ఎపిసోడ్‌ను 1993లో షేర్‌వేర్‌గా వదిలారు, పదిమందికీ పంచమనే ఇచ్చారు. బినీత్ ఎ స్టీల్ స్కై 2003లో, ఎల్డర్ స్క్రోల్స్ అరీనా 2004లో హక్కుదారులే ఉచితం చేశారు. ఫ్లాపీల్లో ఇలాంటివి ముందు ఏరి పక్కన పెట్టండి. డూమ్ విషయంలో ఒక తిరకాసు ఉంది. 1997లో దాని సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠం) బయటికి ఇచ్చారు గానీ బొమ్మలు, లెవెల్స్ ఉన్న డేటా ఫైల్ ఇవ్వలేదు. కోడ్ ఫ్రీ, ఆట ఫ్రీ కాదు.

బ్యాకప్ గురించి. ఒరిజినల్ చేతిలో ఉన్నవాడు పాడైపోతుందన్న భయంతో ఒక కాపీ తీసుకోవచ్చని అమెరికా సెక్షన్ 117, యూరప్ సాఫ్ట్‌వేర్ డైరెక్టివ్, ఇండియా సెక్షన్ 52 మూడూ ఒప్పుకుంటాయి. కాబట్టి మీ అరవై ఒరిజినల్స్‌కు ఇవాళే ఇమేజ్‌లు తీసుకోండి. రైట్ ప్రొటెక్ట్ పెట్టి మరీ తీయండి. మామూలు డ్రైవ్ ఒక్కదానితో చాలాసార్లు కుదరదు, ఎందుకంటే ఆ రోజుల్లో కాపీని అడ్డుకోవడానికి కావాలనే తప్పుడు సెక్టార్లు, ప్రతిసారీ వేరుగా చదివే బిట్లు పెట్టేవారు. గ్రీజ్‌వీజిల్, క్రియోఫ్లక్స్ లాంటి బోర్డులు ఫ్లాపీ మీది అయస్కాంత సంకేతాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిపెడతాయి.

మీరు అడిగింది ఇది కాదు, నెట్ నుంచి దించుకోవడం. బిట్టుకు బిట్టు అదే కావచ్చు, కానీ చట్టం అడిగేది ఏ కాపీ నుంచి వచ్చిందని. సెక్షన్లలో మినహాయింపు ఉన్నది మీ కాపీ నుంచి మీరు తీసుకున్నదానికి. ఎవరో అప్‌లోడ్ చేసినది ఆ లెక్కలోకి రాదు. ఒరిజినల్ పెట్టె మీ దగ్గర ఉంటే ఆ దించుకోవడం మీద ఎవరూ కోర్టుకు వెళ్లకపోవచ్చు. అయినా అది న్యాయమా అనడిగితే అవునని, చట్టబద్ధమా అనడిగితే కాదని చెప్పాల్సి వస్తుంది. ఫ్లాపీ చచ్చాక కాదు, బతికుండగానే ఇమేజ్ తీయమని చెప్పేది అందుకే.

కాపీ ప్రొటెక్షన్ తొలగించడం వేరే విషయం. అమెరికాలో 1998 డీఎంసీఏ చట్టం ప్రకారం తాళం విప్పడమే తప్పు, లోపల ఏముందన్నది తర్వాతి సంగతి. వాడుకలో లేని ఫార్మాట్ ఆటలకు 2003లో మినహాయింపు ఇచ్చారు, 2006లో దాన్ని లైబ్రరీలు, ఆర్కైవ్‌లకు కుదించారు. ఇండియాలో 2012లో వచ్చిన 65ఎ కొంచెం మెత్తన, హక్కు ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే వర్తిస్తుంది. ఈ తాళాల కథలో ఒక వింత చూడండి. సేఫ్‌డిస్క్ అనే కాపీ తాళం ఉన్న ఒరిజినల్ సీడీ డబ్బు పెట్టి కొన్నవాడు విండోస్ 10లో ఆ ఆట ఆడలేడు, దాని డ్రైవర్‌ను మైక్రోసాఫ్ట్ తీసేసింది. క్రాక్ చేసిన, అంటే తాళం తీసేసిన కాపీ ఉన్నవాడు హాయిగా ఆడుకుంటాడు. 2008లో యూబిసాఫ్ట్ తన రెయిన్‌బో సిక్స్ వేగాస్ 2కి ఇచ్చిన ప్యాచ్‌లో ఒక క్రాకింగ్ ముఠా ఫైలే దొరికింది. అంతమాత్రాన ఆ క్రాక్ మీకు చట్టబద్ధం కాలేదు, అదింకో చోద్యం.

అమ్మకం దగ్గరికి వద్దాం. ఒరిజినల్ పెట్టె, ఒరిజినల్ ఫ్లాపీ అమ్ముకోవడంలో మామూలుగా ఇబ్బంది లేదు. ఒకసారి అమ్మిన కాపీ మీద, దాన్ని మళ్లీ అమ్మకుండా ఆపే హక్కు కంపెనీకి ఉండదన్నది సూత్రం. అమెరికాలో ఒక మెలిక ఉంది. 2010లో ఆటోడెస్క్ కేసులో అప్పీల్ కోర్టు, లైసెన్సు షరతుల కింద ఇచ్చినది అసలు అమ్మకమే కాదంది. పెట్టెలో లైసెన్సు కాగితం ఉంటే ఒకసారి చదవండి.

మీకు అచ్చంగా సరిపోయే తీర్పు యూరప్ కోర్టుది, 2016 అక్టోబర్‌లో వచ్చింది. లాత్వియాలో ఇద్దరు వాడేసిన సాఫ్ట్‌వేర్ ఆన్‌లైన్‌లో అమ్మారు. ఒరిజినల్ డిస్కులు కావు, బ్యాకప్ కాపీలు. ఒరిజినల్ డిస్కు అమ్ముకోండి గానీ, అది పాడైపోయినా పోగొట్టుకున్నా దాని బదులు బ్యాకప్‌ను హక్కుదారు అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదంది కోర్టు. అమెరికాలో దారి వేరు. ఒరిజినల్ అమ్మేటప్పుడు బ్యాకప్ కూడా దానితోనే వెళ్లాలి, లేదా చెరిపేయాలి. రెండుచోట్లా కుదరనిది ఒకటే: పెట్టె అమ్మేసి ఇమేజ్ మీరు ఉంచుకోవడం.

పెన్సిల్ రాత ఫ్లాపీలు మాత్రం అమ్మకండి. లాట్‌లో కలిపి కూడా వద్దు. 'ఒరిజినల్ కొంటే ఇవి ఫ్రీ' అని అసలే వద్దు, అది అమ్మకం కిందికే వస్తుంది. డబ్బు తీసుకోకపోతే నేరం కాదు కదా అంటారేమో. 1994లో ఎంఐటీ విద్యార్థి ఒకరు సాఫ్ట్‌వేర్ ఉచితంగా పంచినందుకు పెట్టిన కేసు, లాభం లేదన్న కారణంతోనే కొట్టివేశారు. ఆ సందు పూడ్చడానికే అమెరికా 1997లో నెట్ యాక్ట్ తెచ్చింది.

పారేయమని కూడా నేను చెప్పను. కొన్ని ఆటలకు మిగిలింది క్రాక్ చేసిన కాపీ ఒక్కటే. ఆటకు ముందు క్రాక్ చేసినవాళ్లు పెట్టే ఆ రంగురంగుల ఇంట్రోల నుంచే డెమోసీన్, అంటే కంప్యూటర్‌తో బొమ్మలు, సంగీతం చేసి చూపించే కళ, పుట్టింది, దాన్ని ఫిన్లాండ్ 2020లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంటివి ఉంటే ఏదైనా కంప్యూటర్ మ్యూజియానికి రాయండి. తీసుకునేదీ లేనిదీ వాళ్లు తేల్చుకుంటారు, ఆ బరువు మీ మీద ఉండదు.

కొనేటప్పుడూ జాగ్రత్త. ఒక క్లయింటు సీలు వేసిన పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టి, అమ్మినవాడికి నోటీసు పంపమన్నాడు. లోపలి ఫ్లాపీ లేబుల్ మీద తడి వేలు పెట్టి రుద్దాడు. నీలం అక్షరాలు వేలికి అంటుకున్నాయి. 1980ల నాటి అచ్చు అలా కరగదు, అది ఇంక్‌జెట్ ప్రింట్. ఫ్లాపీ ఖాళీ. 2022లో పెద్ద సేకరణకారుల మధ్య ఇలాంటి నకిలీ పెట్టెల వ్యవహారమే బయటపడింది. జిప్ సంచిలో జిరాక్స్ కాగితంతో అమ్మిన తొలినాళ్ల ఆటలకు నకిలీ తయారుచేయడం సులువు. ఇది కాపీరైట్ తగాదా కూడా కాదు, మోసం. రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్, పెట్టె విప్పుతున్న వీడియో ఉంచుకున్నవాడే గెలుస్తాడు.

అదే లెక్క అమ్మకందారుగా మీకూ వర్తిస్తుంది. మంకీ ఐలాండ్‌తో ఇచ్చే పైరేట్ ముఖాల కోడ్ చక్రం (ఆట అడిగే కోడ్‌ను తిప్పి చూసుకునే అట్ట) చిరిగిపోతే మీకోసం జిరాక్స్ తీసి పెట్టుకోండి, కానీ అమ్మేటప్పుడు అది జిరాక్స్ అని రాయాలి. ప్రకటన పొడుగ్గా వద్దు. పెట్టె ఒరిజినల్, మాన్యువల్ ఒరిజినల్, చక్రం లేదు, రెండో ఫ్లాపీ చదవడం లేదు. ఇంతవరకే రాయండి. 'పనిచేసే కాపీ కావాలంటే మెసేజ్ చేయండి' అన్న ముక్క మాత్రం దాని కింద పెట్టకండి.