క్రూయిజ్ పట్టడం లేదా? ముందు పెడల్ కింద చూడండి

ప్రశ్న: మాది 2017 డీజిల్ కారు, మాన్యువల్ గేర్లు. పని మీద శ్రీకాకుళం తరచూ వెళ్లొస్తుంటాను. కొన్నాళ్లుగా క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే బండిని ఒకే వేగంలో నడిపే ఏర్పాటు) సరిగా పనిచేయడం లేదు. బటన్ నొక్కితే మీటర్లో గుర్తు వెలుగుతుంది గానీ సెట్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. ఒక్కోసారి పట్టినా, చిన్న గతుకు తగలగానే వదిలేస్తుంది. ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పోయింది, మార్చాలి అన్నారు. మార్చేయమంటారా సార్?
– మధురవాడ పాఠకుడు

జవాబు: వద్దండీ, ఇప్పుడే ఈసీయూ జోలికి పోకండి. ఈసీయూ పాడై క్రూయిజ్ ఒక్కటే పోవడం, ఇంజన్ మాత్రం ఏ తేడా లేకుండా నడవడం చాలా అరుదు. పైగా మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. గుర్తు వెలుగుతోందంటే స్టీరింగ్ మీద బటన్ నొక్కిన సంగతి లోపలికి అందుతోంది. అయినా సెట్ అవ్వడం లేదంటే, ఎవరో దానికి వద్దని చెబుతున్నారు. బ్రేక్ తొక్కారనో, క్లచ్ తొక్కారనో, చక్రాల వేగం తెలియడం లేదనో ఏ ఒక్క కబురు అందినా క్రూయిజ్ పట్టదు, పట్టింది కూడా వదిలేస్తుంది. చాలా కార్లలో గంటకు 40 కిలోమీటర్ల లోపు ఎలాగూ పట్టదనుకోండి, మీరు చూస్తున్నది హైవే మీద కాబట్టి అది కాదు. చెక్ ఇంజన్ లైటో, ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లైటో వెలుగుతుంటే మాత్రం ముందు దాని సంగతి చూడాలి, అది ఆరేదాకా క్రూయిజ్ గురించి ఆలోచించడం దండగ.

గతుకుకి వదిలేస్తోంది అన్నారు చూడండి, అందుకే నా అనుమానం బ్రేక్ స్విచ్ మీద, అంటే బ్రేక్ తొక్కారో లేదో చెప్పే స్విచ్, కుదుపుకి అది తప్పుడు కబురు పంపుతుండొచ్చు. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి టార్చి వేస్తే పెడల్ పైభాగాన కనిపిస్తుంది. బ్రేక్ లైట్లు బాగానే వెలుగుతున్నాయి కదా అంటారేమో, మెకానిక్‌లు కూడా అక్కడే పప్పులో కాలేస్తారు. చాలా కార్లలో ఆ ఒక్క స్విచ్‌లోనే రెండు సర్క్యూట్లు ఉంటాయి, ఒకటి లైట్లకి, ఇంకొకటి ఈసీయూకి, పెడల్ తొక్కగానే ఒకటి కలవాలి, రెండోది విడిపోవాలి. రెండింటికీ పొంతన కుదరకపోతే ఏది నిజమో తెలియక ఈసీయూ క్రూయిజ్‌ని పక్కన పెట్టేస్తుంది. అంటే లైట్లు వెలుగుతుండగానే స్విచ్ సగం చచ్చి ఉండొచ్చు.

ఆటోనగర్‌లో స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. ఎర్రర్ కోడ్ చదివించి ఊరుకోవద్దు, లైవ్ డేటా (స్విచ్‌లు, సెన్సర్లు ఆ క్షణంలో ఏం చెబుతున్నాయో) పెట్టమనండి. పీ0571, పీ0504 లాంటి కోడ్లు వస్తే బ్రేక్ స్విచ్ వైపే చూడాలి, కానీ అప్పుడప్పుడూ వచ్చిపోయే లోపానికి కోడ్ పడకపోవడం మామూలే. బండి ఆగి ఉండగా పెడల్ మెల్లగా తొక్కి వదులుతూ తెర మీద బ్రేక్ ఆన్, ఆఫ్ చూడండి, తర్వాత కాలి వేళ్లతో పెడల్‌ని కింద నుంచి కాస్త పైకెత్తండి. ఎత్తితే ఆఫ్, వదిలితే ఆన్ అని ఊగిసలాడితే దొంగ దొరికినట్టే. స్విచ్ మొన ఆనే చోట పెడల్‌కి చిన్న ప్లాస్టిక్ లేదా రబ్బరు బిళ్ల ఉంటుంది, అది పాతబడి పొడైపోయినా ఇదే గోల. మ్యాట్ మీద రంగు ముక్కలేవైనా కనిపిస్తే పారేయకండి, అవి ఆ బిళ్లవే కావచ్చు. బిళ్ల పూర్తిగా ఊడిపోతే బండి ఆపాక కూడా బ్రేక్ లైట్లు ఆరవు, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది.

స్విచ్ మార్చాల్సి వస్తే కంపెనీదే వేయించండి, ఈసీయూ ధర ముందు దాని ఖరీదు ఓ లెక్క కాదు. కొన్ని స్విచ్‌లు బిగించేటప్పుడు ఒక్కసారే సర్దుకుంటాయి, తొందరపడి నొక్కేస్తే కొత్తదీ పాతదానిలాగే ప్రవర్తిస్తుంది.

క్లచ్ పెడల్‌కీ ఇలాంటి స్విచ్చే ఉంటుంది. మన విశాఖలో ఎత్తులెక్కి దిగీ దిగీ క్లచ్ మీద కాలు ఆనించి ఉంచడం చాలామందికి అలవాటైపోయింది (హనుమంతవాక సిగ్నల్ దగ్గర అరగంట నిలబడితే ఎవరికైనా అవుతుంది లెండి). హైవే మీద కూడా కాలు అక్కడే ఉంటే క్రూయిజ్ ఊరికే వదిలేస్తుంది, స్విచ్ తప్పేం లేదు. మీరు బీచ్ దగ్గర బండి పెట్టేవారైతే చక్రాల సెన్సర్ కనెక్టర్లు కూడా విప్పించి చూడండి, ఉప్పుగాలికి పిన్నులకు పచ్చగా చిలుము పడుతుంది. గరుకు కాగితంతో గీకొద్దు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చాలు. రిపేరు అయ్యాక ఆనందపురం–అనకాపల్లి రోడ్డు మీద పొద్దున్నే, ట్రాఫిక్ పల్చగా ఉన్నప్పుడు చూసుకోండి. వాన పడుతుంటే ఆ పరీక్ష వాయిదా వేయండి, తడి రోడ్డు మీద అసలు క్రూయిజ్ వాడకూడదు.

ప్రశ్న: స్టీరింగ్ తిప్పుతుంటే హారన్ ఒకసారి మోగుతుంది, ఒకసారి మోగదు. ఆడియో బటన్లు, క్రూయిజ్ బటన్లు కూడా అంతే. ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలుగుతోంది. ఇవన్నీ ఒకేసారి పోతాయా?
– గాజువాక పాఠకురాలు

జవాబు: పోయింది ఒక్కటేనమ్మా, క్లాక్ స్ప్రింగ్. స్టీరింగ్ వెనక చుట్టచుట్టిన పలచటి రిబ్బన్ లాంటి కేబుల్ అది, మీరు చెప్పిన అన్నిటికీ కరెంటు దాని మీదుగానే వెళ్తుంది. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి లోపల తెగుతుంది. టేపులతో అతికించేది కాదు, కొత్తదే వేయాలి. ఇది మాత్రం ఇంట్లో చేసుకునే పని కాదు, రోడ్డు పక్క షాపులో చేయించే పనీ కాదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగి, ఆ తర్వాతే ఎయిర్‌బ్యాగ్ ముట్టుకోవాలి, కొత్త క్లాక్ స్ప్రింగ్‌ని సరిగ్గా మధ్యలో ఉంచి బిగించాలి, లేకపోతే మొదటిసారి స్టీరింగ్ పూర్తిగా తిప్పగానే అదీ తెగుతుంది. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతున్నంత కాలం ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. వాయిదా వేయకండి.

ప్రశ్న: మా కారులో ముందు బండిని చూసి వేగం తగ్గించే క్రూయిజ్ ఉంది. ముందు బంపర్ మార్పించాక రాడార్ పనిచేయడం లేదని మెసేజ్ వస్తోంది.
– ఎంవీపీ కాలనీ పాఠకుడు

జవాబు: బంపర్ విప్పి బిగించాక రాడార్‌కి కాలిబ్రేషన్ (గురి సరిచేయడం) చేయించాలి, ఆ పరికరాలు ఉన్న సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. అంతకన్నా ముందు, రాడార్ ఎదురుగా స్టిక్కరో, మందంగా పూసిన పెయింటో, క్రాష్ గార్డో (బంపర్ ముందు బిగించే లోహపు చట్రం) ఉందేమో చూసుకోండి. క్రాష్ గార్డ్ ఉంటే తీసేయండి, 2017లోనే కేంద్ర రవాణా శాఖ వాటిని పెట్టకూడదని చెప్పింది.