పరిగె ఏరుకునే రోజులు

నాకు 36 ఏళ్లు. ఆదోని దగ్గర పల్లె. మా ఆయన కిడ్నీ జబ్బుతో పోయి ఏడాదిన్నర అయింది. బోర్లకు చేసిన అప్పు, ఆస్పత్రికి చేసిన అప్పు కలిపి 4 లక్షలు నా మీద ఉంది. క్రిస్మస్ కాగానే గుంటూరు వైపు మిరపకోతకు, సుగ్గికి (కూలికి వలస) పోవాలి. ఎనిమిదో తరగతి చదివే పాపను బడి మాన్పించి వెంట తీసుకుపోదామనుకుంటున్నా. చిన్నప్పటి నుంచి చర్చికి పోయేదాన్ని. ఇప్పుడు మోకాళ్లూనితే ఒక్క మాటా రావడం లేదు. మా సంఘంలో ఒక పెద్దామె ‘నీలో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, అందుకే ఈ శిక్ష’ అంది. అప్పటి నుంచి నిద్ర లేదు. ఒక్కోసారి నేనూ పోతే బాగుండు అనిపిస్తుంది. దేవుడు నన్ను దేనికి బతికించినట్టు?
— ఒక సోదరి, కర్నూలు జిల్లా

అమ్మా,

‘నేనూ పోతే బాగుండు’ అన్నారే, ముందు ఆ మాట గురించి. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఇంట్లోనో పక్కింట్లోనో నమ్మకమున్న ఒక్కరికైనా ఈ సంగతి చెప్పండి. ఇన్నాళ్లుగా నిద్ర లేదంటున్నారు కాబట్టి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుకు చూపించుకోండి. విశ్వాసం తక్కువైనవాళ్లే ఆస్పత్రికి పోతారని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు. ఏలీయా అంతటి ప్రవక్త బదరీ చెట్టు కింద కూలబడి ‘ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అన్నాడు. దేవుడు ఆయన్ని కోప్పడలేదు. దూతతో రొట్టె, నీళ్లు పంపాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. మాటలన్నీ ఆ తర్వాతే. మీరూ ముందు వేళకు ఇంత సంగటి తినండి, నిద్రపోయే దారి చూసుకోండి.

ఆ పెద్దామె మాట మనసులోంచి తీసేయండి. కిడ్నీలు పాడయ్యేది ఎక్కువగా షుగరు వల్ల, బీపీ వల్ల. మీ పాపం వల్ల కాదు. పుట్టుగుడ్డివాణ్ని చూసి ‘పాపం చేసింది వీడా, వీణ్ని కన్నవాళ్లా’ అని శిష్యులే అడిగారు. ఇద్దరూ కాదన్నాడు యేసు. అన్నీ పోగొట్టుకున్న యోబును చూడవచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా ఆయన పక్కన నేలమీద కూర్చున్నారు. అంతవరకూ మంచి పనే చేశారు. నోరు తెరిచి ‘నీ తప్పే’ అనడం మొదలుపెట్టాకే చెడింది. చివరికి దేవుడికి కోపం వచ్చింది వాళ్ల మీద. అంతసేపూ మొరపెట్టుకున్న యోబే సరిగ్గా మాట్లాడాడన్నాడు.

మీకు రూతు గ్రంథం తెలిసే ఉంటుంది. మనవాళ్లు దాన్ని మంచి కోడలి కథగా చెప్పి వదిలేస్తారు. నాకైతే అది ముందు నయోమి కథ. మొదలయ్యేదే కరువుతో. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు అని అర్థం. ఆ ఊళ్లోనే తిండి దొరక్క ఇంటిల్లిపాదీ మోయాబుకు వలసపోయారు, మన పల్లెలు సుగ్గికి కదిలినట్టే. అక్కడ భర్త పోయాడు, ఇద్దరు కొడుకులూ పోయారు. తిరిగొచ్చిన నయోమిని ఊరి ఆడవాళ్లు గుర్తుపట్టి పలకరిస్తే, ఆ పేరుతో నన్ను పిలవొద్దు, ‘మారా’ అనండి అంది. మారా అంటే చేదు. నిండుగా పోయినదాన్ని దేవుడు ఖాళీ చేసి తెచ్చాడని అందరి ముందూ అనేసింది. ఆ మాట అన్నందుకు ఆమెను తప్పుపట్టే వాక్యం ఆ గ్రంథంలో ఒక్కటీ లేదు.

కాబట్టి ప్రార్థనకు మాట రాకపోతే విశ్వాసం పోయిందని కంగారు పడకండి. మా నాన్న పోయాక మా అమ్మ రెండేళ్లు చర్చిలో గొంతెత్తి పాడలేదు. పాటల పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడేది, అంతే. చుట్టూ ఉన్నవాళ్లు పాడేవాళ్లు. అప్పుడు అమ్మ అక్కడ నిలబడటం కూడా ప్రార్థనే అని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. మాట కావాలనిపిస్తే 13వ కీర్తన చదవండి. ‘ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు’ అన్న ప్రశ్నతోనే అది మొదలవుతుంది.

‘దేనికి బతికించాడు’ అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పలేనమ్మా. తెలిసినట్టు నటించలేను. నయోమికి కూడా భర్త, కొడుకులు ఎందుకు పోయారో ఎవరూ చెప్పలేదు, కథ అయిపోయేదాకా. ఆమెకు వచ్చింది జవాబు కాదు. యవలకోత రోజులవి. కోడలు రూతు పరిగె, అంటే కోతయ్యాక పొలంలో మిగిలిన వెన్నులు, ఏరడానికి పోయి, సాయంత్రానికి తూమెడు గింజలు తెచ్చింది. ఆ పూటకు పొయ్యి వెలిగింది. దేవుడు మరచిపోలేదన్న మాట నయోమి నోట వచ్చింది ఆ గింజలు చూశాకే. మీరు కూడా ఇప్పుడే పెద్ద అర్థం కోసం వెతకొద్దు. పరిగె ఏరినట్టు ఒక్కొక్కటీ ఏరుకుంటూ పోదాం.

అందులో మొదటిది పాప చదువు. బడి మాన్పించకండి. ఈ వయసులో బడి మానిన ఆడపిల్ల మళ్లీ బడి మెట్లెక్కడం కష్టం, ఆ వెనకే పెళ్లి మాటలు మొదలవుతాయి. కస్తూరిబా బాలికా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు ఉచితంగా బస, భోజనం, చదువు ఉంటాయి. సుగ్గికి పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు కూడా నడుపుతుంటారు. బడి హెడ్మాస్టరు గారిని వెంటబెట్టుకుని ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసుకు ఈ వారంలోనే పోండి. సుగ్గికి మీరొక్కరే పోండి. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునేటప్పుడు పాపను కూలీ లెక్కలో కలపనివ్వకండి. వితంతు పింఛను నెలకు 4000 ఇస్తున్నారు. మీకు రాకపోతే గ్రామ సచివాలయంలో అడగండి.

సంఘాన్ని కూడా అడగండి, సిగ్గుపడొద్దు. పొలం అంచులు కోయకుండా పేదలకు వదలాలని మోషే ధర్మశాస్త్రం రైతును శాసించింది. పరిగె దయాభిక్ష కాదు, పేదల హక్కు. యెరూషలేములోని తొలి సంఘంలో విధవరాళ్లకు రోజువారీ భోజనం సరిగ్గా అందడం లేదని గొడవ వస్తే, ఆ పని కోసమే ఏడుగురిని ఏర్పాటు చేశారు. ఈ మాట మీ సంఘ పెద్దలకు చదివి వినిపించండి. మీరు ఊళ్లో లేని నెలల్లో ఆదివారాలు హాస్టల్లో పాపను చూసి వచ్చే బాధ్యత స్త్రీల సమాజం తీసుకోవాలని నేనే అడుగుతున్నానని చెప్పండి. ఈ ఉత్తరం చూపించినా సరే.

సుగ్గికి బయల్దేరే ముందు, పాపకు ఎక్కడ సీటు దొరికిందో నాకు రాయండి.