ఫోన్‌లో చూసింది ఆఫీసు కంప్యూటర్‌కి ఎలా తెలిసింది?

ప్రశ్న: ఈమధ్య నాకు వినికిడి తగ్గింది. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో నా ఫోన్‌లో, అదీ ఇన్‌కాగ్నిటోలో, ఒక షాపింగ్ సైట్‌లో వినికిడి యంత్రాలు చూశాను. స్టాక్ రాగానే కబురు చేస్తామంటే ఈమెయిల్ ఇచ్చాను, అంతే, ఏమీ కొనలేదు. తర్వాత ఆఫీసులో పక్కన ఇద్దరు నిలబడి ఉండగా నా కంప్యూటర్‌లో అదే యంత్రం ప్రకటన ప్రత్యక్షమైంది. తల కొట్టేసినట్టయింది. ఫోన్ మన మాటలు వింటోందా?

జవాబు: ముందుగా ఒక మాట అండీ. ఇందులో మీరు తలదించుకోవాల్సింది ఏమీ లేదు. మీ ఆరోగ్యం సంగతి ఎవరికి, ఎప్పుడు చెప్పుకోవాలో మీ ఇష్టం, ఆ ఇష్టాన్ని మీ చేతిలోంచి లాగేసుకున్న వ్యాపారానిదే తప్పు.

ఫోన్ వినడం గురించి: అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితాలు చెప్పారు. దొంగచాటుగా మాటలు రికార్డు చేసి పంపుతున్న దాఖలా దొరకలేదు, కానీ కొన్ని యాప్‌లు తమ స్క్రీన్ మీద మనం చేసేది రికార్డు చేసి బయటి కంపెనీలకు పంపుతున్నాయని తేలింది. అసలు వినే అవసరమే ప్రకటనల కంపెనీలకు లేదు.

మీరు రాసినదాన్ని బట్టి దారి చూపించింది ఆ ఈమెయిలే. చాలా షాపింగ్ సైట్లు తమ దగ్గరున్న ఈమెయిళ్లు, ఫోన్ నంబర్ల జాబితాను ప్రకటనల కంపెనీలకు పంపుతుంటాయి. నేరుగా కాకుండా హ్యాష్ అనే పద్ధతిలో, ఎవరికీ అర్థంకాని అక్షరాల వరుసగా మార్చి పంపుతాయి, అందుకే "మీ వివరాలు భద్రం" అని ధీమాగా రాసుకుంటాయి. కానీ ఒకే పద్ధతిలో మారిస్తే ఒకే ఈమెయిల్ నుంచి ఎక్కడైనా అదే వరుస వస్తుంది. ఆఫీసు కంప్యూటర్‌లో మీరు అదే ఈమెయిల్‌తో లాగిన్ అయి ఉంటే రెండు వరుసలూ సరిపోలతాయి, ఫోన్‌లో యంత్రం చూసినవారూ, ఆఫీసు కంప్యూటర్ ముందున్నవారూ ఒక్కరేనని తెలిసిపోతుంది. ఇన్‌కాగ్నిటో దీన్ని ఆపలేదు. విండో మూసేశాక మీ ఫోన్‌లో హిస్టరీ, కుకీలు (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) మిగలకుండా చూడటమే దాని పని, అవతలి సైట్‌లో మీరు టైప్ చేసింది అక్కడే ఉంటుంది. గూగుల్ వారి క్రోమ్ బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో వాడినా గూగుల్ వివరాలు సేకరిస్తోందంటూ 2020లో ఆ కంపెనీ మీద అమెరికాలో కేసు పడింది, 2024లో రాజీ కుదుర్చుకుని వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

కాబట్టి నా దృష్టిలో కుకీలు చెరపడం కంటే ముఖ్యమైనది, అసలు ఈమెయిల్‌ను ఎక్కడపడితే అక్కడ ఇవ్వకపోవడం. ఫైర్‌ఫాక్స్ రిలే, డక్‌డక్‌గో, యాపిల్ వారి హైడ్ మై ఈమెయిల్ లాంటివి మారు అడ్రస్‌లు తయారుచేసి ఇస్తాయి, వాటికి వచ్చిన ఉత్తరాలు మీ అసలు ఇన్‌బాక్స్‌కే చేరతాయి. ఒక్కో షాపుకు ఒక్కో అడ్రస్ ఇస్తే ఈమెయిల్‌ను బట్టి సరిపోల్చడం వాళ్లకు కుదరదు. ఫోన్ నంబర్‌ను అలా మార్చుకోలేం, డెలివరీకి తప్పదనుకుంటే తప్ప ఇవ్వకండి. ఆఫీసు కంప్యూటర్‌లో సొంత అకౌంట్లు ఈరోజే లాగౌట్ చేసేయండి.

తర్వాత బ్రౌజర్. కుకీలు 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పుట్టాయి, మనం బుట్టలో వేసుకున్న వస్తువులను సైట్ గుర్తుపెట్టుకోవడానికి. ఆ పని మంచిదే. చిక్కంతా ఒక సైట్ చూస్తుంటే వేరే కంపెనీ వచ్చి పెట్టే థర్డ్ పార్టీ కుకీలతోనే. సఫారీ 2020 నుంచి వాటిని మనం అడక్కుండానే ఆపేస్తోంది, ఫైర్‌ఫాక్స్ కూడా ట్రాకింగ్ కుకీలకు అడ్డుకట్ట వేస్తుంది. తీసేస్తామని ఏళ్ల తరబడి చెప్పిన క్రోమ్ 2024లో వెనక్కి తగ్గింది. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఉచిత యాడ్-ఆన్ పెట్టుకుంటే మనల్ని వెంబడించే ట్రాకర్లు చాలావరకు అసలు లోడే కావు.

ఫోన్ సెట్టింగ్స్‌లో కూడా ఒక పని ఉంది. ఆండ్రాయిడ్‌లో ప్రైవసీ, యాడ్స్ అనే చోట అడ్వర్టైజింగ్ ఐడీని (ప్రకటనల కోసం ఫోన్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్యను) డిలీట్ చేయొచ్చు. ఐఫోన్‌లో యాప్ ట్రాక్ చేయవచ్చా అని అడిగితే వద్దని చెప్పండి.

ప్రశ్న: వీపీఎన్ కొనుక్కుంటే ఈ టెన్షన్ ఉండదా?

జవాబు: ఉంటుంది. వీపీఎన్ అంటే మన ఇంటర్నెట్ రాకపోకలను వేరే సర్వర్ మీదుగా పంపే సేవ, అది మీ ఐపీ అడ్రస్‌ను (నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబర్‌ను) సైట్ల నుంచి దాస్తుంది, కానీ ఈ సమస్యకు అది చాలదు. మీ పేరుతో లాగిన్ అయ్యాక ఐపీ ఏదైతే ఏం, మీరెవరో షాపుకు తెలుసు. కుకీలూ అలాగే ఉంటాయి. ప్రైవసీ కోసమే అయితే ముందు పైన చెప్పినవన్నీ చేయండి, అవి ఉచితంగానే చేసుకోవచ్చు.

ప్రశ్న: షాపులు పంపే ఆఫర్ ఈమెయిళ్లు కొనకుండా ఊరికే తెరిస్తే కూడా వాళ్లకు తెలుస్తుందా?

జవాబు: తెలుస్తుంది. చాలావాటిలో కంటికి కనపడని ఒక చిన్న బొమ్మ ఉంటుంది, అది లోడ్ కాగానే మీరు ఎప్పుడు తెరిచారో వాళ్ల సర్వర్‌లో నమోదవుతుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో బయటి బొమ్మలు చూపించే ముందు అడగమని పెట్టుకోండి. ఈమెయిల్‌లోని లింక్ నొక్కితే మాత్రం ఆ సంగతీ తెలిసిపోతుంది, అందుకని ఏదైనా కావాలనిపిస్తే ఆ సైట్‌కి మీరే విడిగా వెళ్లి వెతుక్కోండి.